దీపావళి దివిటీ వానకు ఆరిపోతే మీ ఇళ్ళల్లో ఏం చేసేవాళ్ళు?

మాది కందుకూరు దగ్గర పల్లె. 2022లో నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు కూడా నాకది ప్రకాశమే. ఒక భయం కథ రాస్తున్నాను.

దీపావళి సాయంత్రం మా నాయనమ్మ గోగు కర్రలకు పాతగుడ్డ వత్తులు కట్టి, ఆముదంలో ముంచి ఇచ్చేది. "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి" అంటూ నేలకు కొట్టి, వెనక్కి చూడకుండా కాళ్ళు కడుక్కొని లోపలికొచ్చి తీపి తినాలి. మహాలయ పక్షంలో వచ్చిన పెద్దలకు ఆ వెలుగే తిరుగు దారి అనేది.

ఒక ఏడు వాన. మనకది తుపాన్ల కాలం కదా. నా దివిటీ నేలకు తగలకముందే ఆరిపోయింది. ఆ రాత్రి నాయనమ్మ ఒక విస్తరి ఎక్కువ వేసింది. ఎవరికని అడిగితే పలకలేదు. నా కథంతా ఆ విస్తరే.

జవాబు: మాది కావలి వైపు అక్కా. మా అమ్మ పొయ్యిలో నిప్పుతో మళ్ళీ వెలిగించేది, చూరు కింద నిలబడి కొట్టేవాళ్ళం. కథలో దెయ్యాన్ని చూపించొద్దు. తెల్లారేసరికి అన్నం కదిలిందో లేదో కూడా చెప్పొద్దు.

జవాబు: దీన్నే ఉల్కాదానం అంటారమ్మా. పితృదేవతలకు దారి చూపడం. దయచేసి వాళ్ళను రాక్షసుల్ని చేయకండి.

అడిగినామె: చేయనండీ. వచ్చింది మా తాత. దారి కనపడక చూరు కింద తడుస్తూ నిలబడ్డాడు. కథలో భయపడేది ఆయనే. తమ్ముడూ, ఆ చూరు నీ దగ్గర తీసుకున్నాను. ఆరిన దివిటీ వాసన ఎవరికైనా గుర్తుందా? నాకు తడిగుడ్డ వాసనొక్కటే గుర్తొస్తోంది.