ఆలుమగల తగవు: రచ్చకెక్కాలా, గడప దాటకూడదా?

పుస్తకాలపురుగు:
పేరున్నవాళ్లు తమ కాపురం తగవులను పత్రికల్లోకి ఈడ్చడం నాకు నచ్చదు. ఇద్దరు చార్లెస్‌లను చూడండి. ఇద్దరిదీ విక్టోరియా కాలపు ఇంగ్లండే, ఇద్దరికీ పదేసిమంది పిల్లలే. రచయిత డికెన్స్ 22 ఏళ్ల కాపురం తర్వాత 1858లో భార్య కేథరిన్‌తో విడిపోయి, ఆ సంగతిని తన సొంత వారపత్రిక మొదటి పేజీలో అచ్చువేశాడు! అప్పటిదాకా ఏమీ తెలియని పాఠకులకు కూడా తెలిసిపోయింది. తన ప్రచురణకర్తలు వాళ్ల హాస్యపత్రిక 'పంచ్'లో దాన్ని వేయలేదని వాళ్లతోనూ తెగతెంపులు చేసుకున్నాడు.

రెండోవాడు డార్విన్. భార్య ఎమ్మాకు దేవుడంటే గట్టి నమ్మకం, ఈయనకు అది సడలిపోతోంది. పోయాక మళ్లీ కలుస్తామో లేదో అన్నంత పెద్ద పేచీ. 1839లో, పెళ్లయిన కొత్తలోనే, ఆమె తన బెంగనంతా ఉత్తరంగా రాసి ఇచ్చింది. ఎన్నిసార్లు దీన్ని ముద్దుపెట్టుకుని ఏడ్చానో నేను పోయాక తెలుసుకో అని ఆయన దాని మీదే రాసి దాచుకున్నాడు. రాత్రిళ్లు ఇద్దరూ బ్యాక్‌గమన్ అనే పాచికల ఆట ఆడేవారు. 1876 నాటికి గెలుపుల లెక్క ఆయనవి 2,795, ఆమెవి 2,490. లెక్క చెప్పింది ఆయనే లెండి. నా దృష్టిలో కాపురమంటే అదీ.

వేపచెట్టునీడ:
పురుగు గారూ, డికెన్స్ ఇంట్లోనూ గుట్టుగా ఉన్న మనిషి ఉంది కదా! కేథరిన్ ఒక్క మారుమాట కూడా అచ్చువేయలేదు. దానివల్ల ఆమెకు ఒరిగిందేమిటి? ఆమె మనసు సరిగా లేదన్నట్టు ఆయన రాసిన ఉత్తరం ఆ ఆగస్టులో న్యూయార్క్ పత్రికకెక్కింది. పెద్దకొడుకు తప్ప పిల్లలంతా తండ్రి దగ్గరే. 1879లో మంచం పట్టాక కేథరిన్ ఆయన పాత ఉత్తరాలను కూతురి చేతిలో పెట్టి, బ్రిటిష్ మ్యూజియానికి ఇవ్వమంది. ఒకప్పుడు ఆయన తనను ప్రేమించాడని లోకానికి తెలియాలట.

ఇక బొంబాయి రఖ్మాబాయి. చిన్నప్పుడు చేసిన పెళ్లి, కాపురానికి రమ్మని భర్త దావా. ఆమె పేరు చెప్పకుండా, 'ఒక హిందూ స్త్రీ'నంటూ పత్రికకు లేఖలు రాసింది. 1887లో కోర్టు కాపురమో, ఆరు నెలల జైలో తేల్చుకోమంటే జైలే మేలంది. మరుసటి ఏడు రాజీ కుదిరింది. లండన్‌లో వైద్యం చదివి, సూరత్‌లో డాక్టరుగా పనిచేసింది. ఆమె గుట్టుగా ఉండవలసిందంటారా?

ఆవకాయజాడీ:
ఆలుమగల కలహం అన్నం తినేదాకానే అంటారు. వీళ్లెవరూ ఆ సామెత వినలేదనుకుంటాను! అయినా డికెన్స్ చేసింది తగవు కాదు, ప్రకటన. తగవన్నాక రెండు గొంతులుండాలి. పత్రిక ఆయనది, పాఠకులు ఆయనవాళ్లు. రఖ్మాబాయిని ఆయన పక్కన నిలబెట్టకండి.

పుస్తకాలపురుగు:
రఖ్మాబాయి విషయంలో ఒప్పుకుంటున్నాను. ఆమె తగవును వీధిలోకి తెచ్చింది భర్త దావాయే. నా ఉదాహరణకు నేనే ఒక చిల్లు చూపిస్తాను. డార్విన్ పోయాక 1887లో ఆయన ఆత్మకథ అచ్చయినప్పుడు, మతం మీద ఘాటుగా ఉన్న మాటలను ఎమ్మా కోరిక మీద తీసేశారు. 1958లో మనవరాలు వాటిని తిరిగి చేర్చింది. అంటే గుట్టుకు కూడా కత్తెర కావలసివచ్చిందన్నమాట. కానీ వేపచెట్టు గారూ, ఆమె ఆ మాటలను అచ్చులోంచి తీయించిందే తప్ప ఆయన చేతిరాత కాగితాలను చింపలేదు.