జీపీఐఓ పిన్లకు సుడో ఇవ్వాలా, గ్రూపు సరిపోతుందా?

ల్యాబ్‌మాస్టారు:
మా కాలేజీ ల్యాబ్‌లో ఒకే రాస్‌బెర్రీ పై (చిన్న లైనక్స్ కంప్యూటర్ బోర్డు) మీద రెండు బ్యాచ్‌ల పిల్లలు పనిచేస్తారు. బోర్డు మీది జీపీఐఓ పిన్లలో (ప్రోగ్రాంతో ఆన్, ఆఫ్ చేసేవి) ఒకరి రిలే (కరెంటుతో నడిచే స్విచ్) 17వ పిన్ను మీద, ఇంకొకరి ఎల్‌ఈడీ 27 మీద. ఇన్నాళ్లూ అన్నీ సుడోతోనే, అంటే పూర్తి అడ్మిన్ హక్కులతోనే నడిపారు. కొత్తగా వచ్చిన అడ్మిన్ ఇక సుడో కుదరదంటున్నారు. ఏం చేయమంటారు?

సోల్డరింగ్‌రాజు:
ల్యాబ్ బోర్డుకు ఇంత హంగామా ఎందుకు మాస్టారూ? పాడైతే ఎస్‌డీ కార్డు మళ్లీ రాసుకుంటే సరి. సుడో తీసేస్తే పర్మిషన్ ఎర్రర్లతోనే పీరియడ్ అయిపోతుంది.

కెర్నల్‌కబుర్లు:
రాజుగారూ, ఆ బోర్డు కాలేజీ నెట్‌వర్క్‌లో ఉంటుంది కదా. ఎల్‌ఈడీ వెలిగించే స్క్రిప్టుకు వైఫై పాస్‌వర్డ్ చదివే హక్కు దేనికి?
మాస్టారూ, రాస్‌బెర్రీ పై ఓఎస్‌లో జీపీఐఓ అనే గ్రూపు (ఆ పిన్లు వాడే హక్కున్న యూజర్ల జాబితా) ముందే ఉంటుంది. పిల్లల్ని అందులో చేర్చి, లాగవుట్ చేసి మళ్లీ లాగిన్ అవమనండి. సగం ఫిర్యాదులు ఈ లాగవుట్ మరిచిపోయినవాళ్లవే! వేరే బోర్డయితే యూడెవ్ (డివైస్ ఫైళ్లకు హక్కులు పెట్టే లైనక్స్ సేవ) రూల్ ఒక్క లైను చాలు: జీపీఐఓచిప్‌లకు (పిన్ల గుంపును నడిపే డివైస్ ఫైళ్లకు) గ్రూపు జీపీఐఓ, మోడ్ 0660 (యజమానికీ గ్రూపుకూ మాత్రమే చదివే, రాసే హక్కు).
పిన్లను మామూలు ఫైళ్లలా చూపించే పాత సిస్‌ఎఫ్‌ఎస్ పద్ధతి జోలికి మాత్రం వెళ్లకండి. పిన్నును ఎక్స్‌పోర్ట్ చేయగానే వచ్చే ఫైళ్లు ముందు రూట్ (సర్వాధికారాలున్న యూజర్) పేరిటే ఉంటాయి. యూడెవ్ గ్రూపు మార్చేలోపు స్క్రిప్టు రాయబోతే పర్మిషన్ డినైడ్. మళ్లీ నడిపితే చక్కగా పనిచేస్తుంది, పిల్లలకు పిచ్చెక్కుతుంది. దానికి బదులు లైనక్స్ 4.8 నుంచి క్యారెక్టర్ డివైస్ (పైన చెప్పిన జీపీఐఓచిప్ ఫైలు) ఉంది, లిబ్‌జీపీఐఓడీ అనే లైబ్రరీ వాడేది దాన్నే.

సోల్డరింగ్‌రాజు:
సరే, గ్రూపు ఇచ్చారు. ఎల్‌ఈడీ బ్యాచ్ కుర్రాడు అవతలివాళ్ల రిలే ఆన్ చేస్తే? పర్మిషన్ చిప్ మొత్తానికి, పిన్నుకు కాదు. ఇంటి తాళాలన్నీ చేతికిచ్చి వరండాలోనే కూర్చోమన్నట్టుంది.

కెర్నల్‌కబుర్లు:
ఆ మాట ఒప్పుకుంటాను. ఒక ప్రోగ్రాం పట్టుకున్న లైనును (పిన్నును) ఇంకోటి అడిగితే కెర్నల్ బిజీ అంటుంది గానీ, అది పట్టుకున్నంతసేపే. జీపీఐఓమెమ్ అనే డివైస్ ఫైలుతో నేరుగా చిప్‌లోని రిజిస్టర్లు మార్చే లైబ్రరీలకు ఆ అడ్డు కూడా లేదు.

పిన్‌మక్స్:
రాజన్నా, దానికీ దారుంది. లైనక్స్ 5.8లో జీపీఐఓ అగ్రిగేటర్ అనే కెర్నల్ మాడ్యూల్ వచ్చింది. 17ను ఒక కొత్త చిప్‌గా, 27ను ఇంకో చిప్‌గా చూపిస్తుంది. ఒక్కో బ్యాచ్‌కు ఒక్కో గ్రూపు పెట్టి, ఎవరి చిప్ వాళ్లకివ్వండి. అసలు లైను అగ్రిగేటర్ చేతిలో ఉంటుంది కాబట్టి వేరే ప్రోగ్రాం అడిగినా దొరకదు. పిల్లల్ని పాత జీపీఐఓ గ్రూపులోంచి తీసేయడం మరిచిపోవద్దు, లేకపోతే జీపీఐఓమెమ్ తలుపు తెరిచే ఉంటుంది. మీ కెర్నల్‌లో ఆ మాడ్యూల్ ఉందో లేదో ముందు చూసుకోండి.

సోల్డరింగ్‌రాజు:
బాగానే ఉంది. 3.3 వోల్టుల పిన్నుకు 5 వోల్టులు తగిలించేవాణ్ని ఏ గ్రూపూ ఆపదు, అది కూడా అడ్మిన్‌గారికి చెప్పండి.

ల్యాబ్‌మాస్టారు:
అగ్రిగేటర్ సెట్టింగ్ రీబూట్ అయ్యాక ఉంటుందా?

పిన్‌మక్స్:
ఉండదండి. బూట్ అయ్యేటప్పుడు ఆ రెండు చిప్‌లనూ పుట్టించడానికి చిన్న సిస్టమ్‌డీ (బూట్‌లో ప్రోగ్రాంలను మొదలుపెట్టేది) సర్వీస్ రాసుకోవాలి. కొత్త చిప్‌ల నంబర్లు మారొచ్చు, యూడెవ్ రూల్ ఆ నంబర్లను నమ్మి రాయకండి.