టైప్‌రైటర్ రోజుల్లో యాత్రా కథనాలు ఎలా రాసేవారు? ఇప్పుడేం మారింది?

పొద్దుటిబండి: ఈమధ్య లైబ్రరీలో పాత వారపత్రికల బైండ్లు తిరగేశాను. యాత్రా వ్యాసాల్లో లాడ్జి అద్దె, బస్సు టైము, భోజనం ఎక్కడ బాగుంటుంది, అన్నీ రాశారు. నేను రాసేటప్పుడు అవేవీ రాయను, మ్యాప్ లింకు పెట్టేస్తాను. ఆ రోజుల్లో రాసినవాళ్లు, అచ్చు వేసినవాళ్లు ఇక్కడుంటే పని ఎలా నడిచేదో చెప్పండి.

పాతవిలేకరి: నేను ఇంగ్లిష్ పత్రికకు రాసేవాణ్ని. జిల్లాలకు వెళ్తే ఒలివెట్టి లెటెరా 32 వెంట ఉండేది. అది చిన్న పోర్టబుల్ మిషన్, ఒళ్లో పెట్టుకుని కూడా కొట్టొచ్చు. రెండు కాగితాల మధ్య కార్బన్ పెట్టి, వరుసకీ వరుసకీ మధ్య ఖాళీ వదిలి కొట్టేవాళ్లం. ఆ ఖాళీలోనే సబ్ ఎడిటర్ దిద్దాలి. ఒరిజినల్ కవరులో పెట్టి సాయంత్రం బస్సుకు ఇచ్చేవాళ్లం, కార్బన్ కాపీ మన దగ్గర ఉండేది. టెలిగ్రామ్‌లో పదానికింత అని లెక్క. ప్రెస్‌కు రాయితీ ఉన్నా అది వార్తలకే. యాత్రా కథనాన్ని తంతిలో ఎవరు పంపుతారు? కాబట్టి దానికి తొందర ఉండేది కాదు.

పేరా కిందికి జరపాలంటే కత్తెరతో కోసి గమ్‌తో అంటించాలి, లేదా పేజీ మొత్తం మళ్లీ కొట్టాలి. అందుకని బస్సులో వస్తున్నంతసేపూ మొదటి వాక్యం ఏమిటి, దేనితో ఆపాలి అని మనసులోనే కట్టుకునేవాళ్లం. మిషన్ ముందు కూర్చునేసరికి సగం సంగతులు వాటంతటవే రాలిపోయేవి. ఇప్పటి కథనాల్లో నాకు లోటుగా అనిపించేది ఆ వడపోతే.

అచ్చుగది: తెలుగులో మాత్రం టైపు చేసిన వ్యాసం మా వారపత్రికకు వచ్చేది చాలా తక్కువండీ. తెలుగు మిషన్లు ఆఫీసుల్లో ఉండేవి, రచయితలందరిదీ చేతిరాతే. కాగితానికి ఒకవైపే రాయండి, తిప్పి పంపడానికి స్టాంపులంటించిన కవరు జతచేయండి అని వేసేవాళ్లం. కాగితం పొదుపు కోసం రెండువైపులా రాసి పంపేవారు కొందరు. కంపోజిటరు ఆ కాగితాన్ని కేసు (అచ్చు అక్షరాల గళ్ల పెట్టె) మీద ఆనించుకుని అక్షరాలు పేరుస్తాడు, అటూ ఇటూ తిప్పుతూ ఉంటే వరుస తప్పిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి ఫోటోలు. ప్రతి ఫోటోకీ బ్లాకు (అచ్చు వేసే లోహపు పలక) చేయించాలి, దానికి డబ్బు. అందుకని వ్యాసానికి ఒకటో రెండో వేసేవాళ్లం, అవీ నలుపు తెలుపులో. గుడి గోపురం ఎలా ఉందో, ఏటి రేవులో ఎవరున్నారో అక్షరాల్లోనే చూపించాలి. ఆనాటి వ్యాసాల్లో అంత వర్ణన ఎందుకుందో ఈ కోణంలో చూడండి. వేసవిలో వెళ్లినవాళ్ల వ్యాసం వానాకాలంలో వచ్చేది. పాఠకుల ఉత్తరాలు ఆ తర్వాతెప్పుడో.

కాశీమజిలీ: దారి, వసతుల వివరాలు రాయడం పత్రికలతో మొదలైంది కాదు. ఏనుగుల వీరాస్వామి గారు 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారి పొడవునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసిన సంగతులే 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. ఏ ఊళ్లో దిగడానికి చోటుంది, సరుకులేం దొరుకుతాయి, ఏ నది ఎలా దాటాలి, అంతా ఉంటుంది. తర్వాత వెళ్లేవాడికి పనికిరావాలన్న తపన అది. దాన్ని మ్యాప్‌కు వదిలేయడం నాకు నచ్చదు. ఆ రోడ్డులో వానాకాలం కారు దిగబడుతుందని మ్యాప్ చెప్పదు కదా!

డాలస్‌పిల్ల: నేను యూనికోడ్ వచ్చి కంప్యూటర్లో, నెట్‌లో తెలుగు రాయడం తేలికయ్యాక బ్లాగు మొదలుపెట్టిన తరం. లేఖిని అనే సైటులో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు పడుతుంటే పండగలా ఉండేది. ఎడిటర్ లేడు, పేజీల లెక్క లేదు. ఎల్లోస్టోన్ గురించి రాస్తే గుంటూరు నుంచి, దుబాయ్ నుంచి గంటలో కామెంట్లు. పెళ్లయ్యాక ఊరు మారిన ఆడవాళ్లు, పత్రికలకు పంపే ధైర్యం లేనివాళ్లు ఎంతమంది రాశారో! నాకు అదే పెద్ద మార్పు.

పాడేరువాసి: మా వైపు నుంచి కూడా వినండి. పాత పత్రికల్లో మా మన్యం మీద ఎన్నో వ్యాసాలు వచ్చాయి. అన్నిట్లో మేం “అమాయక గిరిజనులం”. ఆ పత్రిక మా ఊరికి వచ్చేది కాదు, వచ్చినా జవాబు రాసేవాళ్లెవరు? ఇప్పుడు ఎవరేం రాసినా అదే రోజు మా పిల్లలు ఫోన్లో చదువుతున్నారు. మొన్న ఒకాయన మా కాఫీ తోటల మీద బాగా రాశారు. కానీ వాకిట్లో ఆరబోసిన కాఫీ పళ్లను మిరియాలు అన్నారు. సార్, మిరియాల తీగ సిల్వర్ ఓక్ చెట్టుకు పాకి ఉంటుంది, ఆరబోసింది కాఫీ అని కామెంట్ పెట్టాను. ఆ రాత్రికే దిద్ది, నాతో ఫోన్లో చాలాసేపు మాట్లాడారు.

ఇబ్బందీ ఉంది. వంజంగి కొండ మీద మబ్బుల వీడియోలు తిరిగాక సెలవు రోజు తెల్లవారుజామున కార్ల వరుస. పైన ప్లాస్టిక్ సీసాలు మిగులుతున్నాయి. రాసేవాళ్లు సూర్యోదయం ఎన్నింటికో చెప్తున్నారు, చెత్త వెనక్కి తీసుకెళ్లమని కూడా ఒక్క వాక్యం రాయండి.

కెమెరాబాబు: నేను ట్రావెల్ వీడియోలకు స్క్రిప్టు రాస్తాను. డ్రోన్ జలపాతాన్ని చూపించేశాక దాని గురించి నేను చెప్పాల్సింది ఉండదు. అందుకే దారిలో టీ కొట్టు ఆవిడ ఏమందో, పక్కసీటు పెద్దాయన ఎందుకు వెళ్తున్నాడో ఫోన్లో వాయిస్ రికార్డ్ చేసుకుంటాను. వాటికే స్పందన ఎక్కువ.

పొద్దుటిబండి: అందరికీ ధన్యవాదాలు. ఇకపై దారి, వసతి వివరాలు రాస్తాను, చూసిన తేదీతో సహా. పాడేరువాసి అన్నా, కాఫీ కోత చూడాలంటే ఎప్పుడు రావాలి?

పాడేరువాసి: సంక్రాంతికి ముందు రా తమ్ముడూ, కోత జోరుగా ఉంటుంది. శని, ఆదివారాలు వద్దు. తోటలోకి దిగే ముందు యజమానిని అడుగు, ఫోటో తీసే ముందు పళ్లు కోసేవాళ్లను అడుగు. రాశాక లింకు ఇక్కడ పెట్టు, మా వాళ్లకు చదివి వినిపిస్తాను.