గోల్డ్‌ఫిష్ రాళ్లకు రుద్దుకుంటోంది, మొప్పల మీద తెల్ల చుక్కలు: జబ్బేనా?

నయీంనగర్_అమ్మ:
అందరికీ నమస్తే. మాది హన్మకొండ. మా చెల్లె వాళ్లు ట్రాన్స్‌ఫర్ మీద వెళ్తూ వాళ్ల రెండడుగుల ట్యాంకు, అందులోని 4 గోల్డ్‌ఫిష్‌లు మాకిచ్చారు. తెచ్చి పది రోజులైంది. మొన్నటి నుంచి రెండు చేపలు రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి. ఒకటి రెక్కలు ముడుచుకుని మూలకు చేరింది, మేత వేసినా రావట్లేదు. పెద్దదాని మొప్పల మీద తెల్ల చుక్కలున్నాయి. షాపతను వైట్ స్పాట్ అని చెప్పి నీలం మందు ఇచ్చాడు. ఇంకా పోయలేదు. మా బాబుకు ఒకటే టెన్షన్, బడి నుంచి రాగానే ట్యాంకు దగ్గరే కూర్చుంటున్నాడు.

కాజీపేట_ట్యాంకు:
పోయకుండా ఆగి మంచి పని చేశారు మేడమ్. రెండు సంగతులు చెప్పండి. చుక్కలు మొప్పల మీదేనా, తోక మీద, ఒంటి మీద కూడా ఉన్నాయా? ట్యాంకు తెచ్చినప్పుడు ఫిల్టర్ స్పాంజిని ఎలా కడిగారు?

నయీంనగర్_అమ్మ:
మొప్పల మూత మీద, పక్క రెక్కల ముందు అంచున మాత్రమే ఉన్నాయన్నా. ఒంటి మీద లేవు. స్పాంజి నల్లగా జిగటగా ఉంటే నల్లా కింద పెట్టి, తెల్లగా అయ్యేదాకా పిండాను. రాళ్లు కడిగి ఎండలో ఆరబెట్టాను. నీళ్లన్నీ కొత్తవే, మునిసిపల్ నల్లావి.

కాజీపేట_ట్యాంకు:
అయితే ఆ చుక్కలు జబ్బు కాకపోవచ్చు. ఎదిగిన మగ గోల్డ్‌ఫిష్‌కు జతకట్టే కాలంలో సరిగ్గా ఆ చోట్లలోనే గట్టి చుక్కలు వస్తాయి. నేనూ మొదటిసారి చూసి భయపడి మందు పోశాను. ఏ జబ్బూ లేని చేపను బాధపెట్టానని ఇప్పటికీ మనసులో ఉంది.

రుద్దుకోవడం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మీరు పిండేసిన ఆ జిగటలోనే ట్యాంకును కాపాడే బ్యాక్టీరియా ఉంటుంది. చేపలు వదిలే అమ్మోనియాను అది నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నల్లా నీళ్లలోని క్లోరిన్‌కు, ఎండకు అది చచ్చిపోయి ఉంటుంది. మళ్లీ పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ట్యాంకు పాతదే అయినా చేపల లెక్కన కొత్తదే. అమ్మోనియాకు మొప్పలు, చర్మం మండుతాయి, అందుకే రుద్దుకుంటాయి.

టెస్ట్ కిట్ తెచ్చి చూడండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. ఈ రోజే మూడో వంతు నీళ్లు మార్చండి, యాంటీ క్లోరిన్ (క్లోరిన్ తీసేసే మందు) కలిపి. రేపటి కోసం బకెట్‌లో నీళ్లు పట్టి ఎయిర్ పంపు పెట్టి ఉంచండి. రెండు రోజులు మేత ఆపండి. నీలం మందు మిథిలీన్ బ్లూ అయితే మిగిలిన బ్యాక్టీరియాకు కూడా ముప్పే. వీలైతే కాజీపేట రండి, నా ఫిల్టర్‌లోంచి పాత స్పాంజి ముక్క ఇస్తాను.

కరీంనగర్_గప్పీ:
అసలైన వైట్ స్పాట్ వేరేగా ఉంటుంది అక్కా. తోక, రెక్కలు, ఒళ్లు అంతటా ఉప్పు రవ్వ చల్లినట్టు కనిపిస్తుంది, రోజురోజుకూ పెరుగుతుంది. నేను షాపు నుంచి తెచ్చిన చేపను నేరుగా ట్యాంకులో వదిలి ఆ జబ్బు తెచ్చుకున్నాను. మందు వేసిన నాలుగో రోజుకు చుక్కలు రాలాయి, తగ్గిందని ఆపేశాను. అదే నేను చేసిన తప్పు. చుక్క రాలిందంటే ఆ జబ్బు తెచ్చే పురుగు అడుగున చేరి వందల పిల్లల్ని వదలబోతోందని అర్థం. చేప ఒంటిలో ఉన్నంతసేపు దానికి మందు తగలదు, నీళ్లలో ఈదే పిల్లలే చస్తాయి. చుక్కలు పోయాక కూడా కొన్ని రోజులు కొనసాగించాలి. 14 గప్పీల్లో నాకు 3 మిగిలాయి. ఇప్పుడు ఏ కొత్త చేపైనా 3 వారాలు వేరే టబ్బులోనే ఉంచుతున్నా.

మంచిర్యాల_బెట్టా:
వైట్ స్పాట్‌కు నీళ్లు 30 డిగ్రీలకు వేడి చేయమంటారు కదా, మన దగ్గర అది చూసి చేయాలి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. పోయిన మే నెలలో మా పై అంతస్తు గదిలో ట్యాంకు 34 చూపించింది. రాత్రి కరెంటు పోయింది, తెల్లారేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. చుట్టాలంతా ఏదో జబ్బన్నారు. పంపు నడిచిన అరగంటకు కిందికి దిగాయి.

బెట్టా, గౌరామి అప్పుడప్పుడు పైకొచ్చి గాలి మింగితే మాత్రం భయపడొద్దు. మన కొర్రమట్ట లాగే వాటికీ గాలి పీల్చే ఏర్పాటుంది. మొప్పలు దబదబా కొట్టుకుంటూ పైనే వేలాడితేనే చూసుకోవాలి.

లక్నవరం_వల:
మాది చెరువు చేపల ఇల్లు. చేపను పక్క నుంచి కాదు, పైనుంచి చూడమంటాడు మా నాయన. వీపు కత్తిలా సన్నబడితే తిండి ఒంటికి పట్టట్లేదు. కడుపు ఉబ్బి పొలుసులు సీతాఫలం తొక్కలా లేస్తే ఒంట్లో నీరు చేరింది. ఆ దశలో బతకడం అరుదు, వెంటనే వేరు చేయండి. చెరువు నాచు అందంగా ఉందని ట్యాంకులో వేయకండి, చేప పేను దాంతోనే వస్తుంది. పారదర్శకమైన చిన్న బిళ్లలా అతుక్కుని ఉంటుంది, కదిలితే గానీ కనపడదు.

కరీంనగర్_గప్పీ:
లీటరుకు 1 గ్రాము కల్లుప్పు వేస్తే నైట్రైట్ నుంచి కాపాడుతుంది కదా?

కాజీపేట_ట్యాంకు:
గోల్డ్‌ఫిష్ ట్యాంకుకైతే సరే. కోరిడోరస్‌లు (అడుగున తిరిగే చిన్న చేపలు) ఉంటే నేను వేయను. ఉప్పు ఆవిరైపోదు, కాబట్టి మార్చిన నీళ్లకు సరిపడానే మళ్లీ కలపాలి.

నయీంనగర్_అమ్మ:
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. మొదటి రోజు అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) ఉంది. రోజూ మూడో వంతు నీళ్లు మార్చాను, అన్న ఇచ్చిన స్పాంజి పెట్టాను. నిన్న 0.25 వచ్చింది. రుద్దుకోవడం ఆగింది. మూలన ఉన్నది నిన్న పొద్దున మేతకు వచ్చింది, బాబు అరిచిన అరుపుకు కిందింటివాళ్లు పైకొచ్చారు. చుక్కల చేప మిగతావాటిని తరుముతోంది. కానీ రెండింటికి రెక్కల అంచులు నల్లబడుతున్నాయి. ఇదేంటి?

కాజీపేట_ట్యాంకు:
అమ్మోనియాకు కాలిన చోటు మానుతున్నప్పుడు గోల్డ్‌ఫిష్‌కు అలా నలుపు వస్తుంది, మెల్లగా పోతుంది. అంచులు చిరిగి తెల్లబడితే మాత్రం ఫోటో పెట్టండి, అది రెక్కల కుళ్లు కావచ్చు. ఇప్పుడు నైట్రైట్ పెరిగే సమయం. రోజూ అది కూడా చూడండి, స్పాంజిని మాత్రం కడగకండి.