నల్ల ఇంజను మీద తెల్ల అక్షరాలు: ఇంట్లో డెకాల్ ఎలా?

ప్రశ్న (పర్లాకిమిడి): నౌపడా–గుణుపురం నేరోగేజ్ ఇంజను నమూనా, 1:87 స్కేలు. ఇంక్‌జెట్‌లో, పారదర్శక డెకాల్ పేపరు (నీళ్లలో వేస్తే అచ్చు ఉన్న పల్చని పొర ఊడివచ్చి, నమూనా మీద అతికించే కాగితం) మీద తీశాను. ఎర్ర నంబర్లు నీళ్లలో వేయగానే కారిపోయాయి. తెల్ల ‘పీఎల్ఆర్’ (పర్లాకిమిడి లైట్ రైల్వే) అయితే అసలు పడనే లేదు.

జవాబు (గుణుపురం): ఇంటి ప్రింటర్లో తెల్ల ఇంకు ఉండదన్నా, తెలుపు అంటే అది కాగితాన్ని ఖాళీగా వదిలేస్తుంది. తెల్ల డెకాల్ పేపరు మీద చుట్టూ నలుపు అచ్చేసి, అక్షరాలు ఖాళీగా వదలండి. ప్రింటు నలుపు, పెయింటు నలుపు ఒకలా ఉండటం కష్టం. అందుకే ఇంజను నీళ్ల ట్యాంకు పక్క మొత్తానికీ ఒకే ముక్క వేస్తే అతుకు తెలియదు. కోసిన అంచున తెల్లగీత కనిపిస్తే సన్న కుంచెతో నలుపు అద్దండి. అసలు అక్షరం 30 సెం.మీ. ఉంటే మీది సుమారు 3.4 మి.మీ.

జవాబు (బరంపురం): ఇంకు కారిందంటే పైన లక్కర్ (ఇంకును కాపాడే పారదర్శక పూత) చాలలేదనే. అచ్చయ్యాక ఒక రోజంతా ఆరనివ్వండి. వానాకాలం మన తీరంలో రెండు రోజులు. తర్వాత క్లియర్ యాక్రిలిక్ స్ప్రే పల్చగా మూడు పూతలు. ఒకేసారి మందంగా కొడితే ఇంకు అలుక్కుపోతుంది, పొర బిరుసెక్కి రివెట్ల మీద కూర్చోదు. గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం చాలు. ఈ పేపరు లేజర్ ప్రింటర్లో మాత్రం పెట్టకండి, వేడికి రోలరుకు అంటుకుంటుంది.

ప్రశ్నించినవారు: అతికించాక పొర కింద వెండిలా మెరుస్తోందేం?

బరంపురం: అది గాలి. మ్యాట్ (మెరుపులేని) పెయింటు గరుకులో చిక్కుకుంటుంది. ముందు గ్లాసీ (మెరిసే, నున్నని) పూత, డెకాల్ ఆరాకే మ్యాట్. ఇప్పటికే అతికించేశారు కాబట్టి సూదితో పొడిచి, సాఫ్టనర్ (డెకాల్ పొరను మెత్తబరిచే ద్రవం) ఒక చుక్క వేయండి.