ఐస్ ఫిషింగ్‌కి మెత్తని ఎరలు: గ్లో పౌడర్ అంతా ఒక పక్కకే దిగిపోతోంది

మంచుగాలం:
ప్లాస్టిసాల్ (మెత్తని ఎరలు పోసే పీవీసీ ద్రవం) వేడిచేసి చిన్న ఎరలు ఇంట్లోనే పోసుకుంటున్నాను, అంగుళం, అంగుళంన్నర సైజువి. ఆకారం బాగానే వస్తోంది కానీ చీకట్లో చూస్తే అడుగు భాగమే వెలుగుతుంది, పైన ఏమీ ఉండదు, పైగా మంచుకి వేసిన కన్నంలోంచి నీళ్లలోకి దించితే తోక ఊగకుండా బిర్రబిగిసిపోతోంది. గ్లో పౌడర్‌తో పాటు గులాబీ రంగు కూడా వేస్తున్నాను. పౌడర్ ఇంకా పెంచాలా?

తోక_ఊపు:
పెంచకండి, ఇంకా దిగుతుంది. గంటల తరబడి వెలిగే రకమైతే అది స్ట్రాన్షియం అల్యూమినేట్, ప్లాస్టిసాల్ కంటే మూడు రెట్లకు పైగా బరువు, కప్పు పక్కన పెట్టి అచ్చు సర్దుకునేలోపే అడుక్కి చేరిపోతుంది. ప్లాస్టిసాల్ వేడెక్కేకొద్దీ ముందు ముద్దకట్టి, 175 డిగ్రీల సెల్సియస్ దగ్గరికొచ్చాక పలచబడి తేటగా అవుతుంది కదా, అప్పుడు వెంటనే పోయకుండా కాస్త చిక్కబడనిచ్చి, పుల్లతో అడుగు గీకుతూ కలిపి, కలిపిన చేత్తోనే పోసేయండి. మరీ చల్లారితే మాత్రం సన్నని తోకలోకి దిగదు. సన్న పౌడర్ ఇంత త్వరగా దిగదు గానీ వెలుగు తక్కువ.

చీకటినీళ్లు:
అసలు దొంగ ఆ గులాబీ రంగు అని నా అనుమానం. గ్లో పౌడర్‌కి వెలుతురు లోపలికి వెళ్లాలి, మళ్లీ బయటికి రావాలి, మధ్యలో దట్టమైన రంగు ఉంటే రెండు దారులూ మూసినట్టే. రంగు లేకుండా ఒక ఎర పోసి, యూవీ టార్చ్ కాసేపు కొట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మంచు మీద హిమం దట్టంగా పేరుకుంటే కిందికి వెలుతురు పెద్దగా దిగదు, అక్కడ మీ గులాబీని చూసేదెవరు?

తోక బిగుసుకోవడానికి కారణం చలి. సాఫ్ట్‌నర్ అంటే ప్లాస్టిసైజరే, ప్లాస్టిక్‌ని మెత్తబరిచే ద్రవం, దాన్ని ఎండాకాలం ఎరలకి వేసేదానికంటే ఎక్కువ వేయండి. అతిగా వేస్తే గాలం మీద నిలవదు, జారిపోతుంది.

పాతకప్పు:
అందరూ వెలుగు గురించే చెప్పారు, పొగ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇది పీవీసీ అండి, మాడితే పసుపెక్కుతుంది, హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, గొంతు పట్టేస్తుంది. తలుపులు తీసి, ఆమ్ల ఆవిరికి పనికొచ్చే మాస్క్ పెట్టుకుని చేయండి, వంటకి వాడే మైక్రోవేవ్ జోలికి పోవద్దు. అచ్చులో నీటి చుక్క ఉన్నా వేడి ప్లాస్టిక్ చిమ్ముతుంది, ప్లాస్టర్ అచ్చయితే పూర్తిగా ఆరబెట్టి సీల్ చేశాకే వాడాలి.

మంచుగాలం:
థాంక్స్ అందరికీ. నాది ప్లాస్టరే, సీల్ చేయలేదు! ఇంకోటి, పోసినవి మామూలు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయొచ్చా?

తోక_ఊపు:
వద్దు, కొన్ని రకాల డబ్బాలని ప్లాస్టిసైజర్ కరిగించేస్తుంది, అంతా అంటుకుపోతుంది. పాలిథీన్ జిప్ కవర్లు చాలు, రంగుకో కవర్ పెట్టుకోండి, లేకపోతే ఒకదాని రంగు ఇంకోదానికి ఎక్కుతుంది.