రెండు దేశాల మధ్య వైరానికి నిజంగా అంతం ఉండదా?

ప్రశ్న

కొద్ది రోజుల క్రితం మిత్రుల మధ్య జరిగిన ఒక చర్చలో నేను సమాధానం చెప్పలేకపోయిన వాదనను ఇక్కడ పెడుతున్నాను. యుద్ధం మనిషి పుట్టుకతోనే పుట్టిందనీ, శాంతి అనేది రెండు యుద్ధాల నడుమ సైన్యాలు అలసట తీర్చుకునే విరామం మాత్రమేననీ, కొన్ని దేశాలూ కొన్ని జాతులూ ఎప్పటికీ సహజ శత్రువులుగానే ఉంటాయనీ ఒక మిత్రుడు గట్టిగా వాదించారు. ఆయన చూపిన ఆధారాలు కొట్టిపారేయదగినవి కావు. పొరుగు రాజు శత్రువు, ఆ పొరుగువాడికి ఆవలి రాజు మిత్రుడు అని కౌటిల్యుడు రాజమండలాన్ని వివరించిన తీరును గుర్తుచేశారు. అందరినీ అదుపులో ఉంచే అధికారం లేనిచోట ప్రతివాడికీ ప్రతివాడితో యుద్ధమేనని ఇంగ్లండుకు చెందిన థామస్ హాబ్స్ 1651లో రాశాడనీ, దేశాలన్నిటి మీదా అలాంటి అధికారం నేటికీ ఏర్పడలేదనీ అన్నారు. స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచ దేశాల సైనిక వ్యయం 2.7 లక్షల కోట్ల డాలర్లు దాటిందని చెప్పి, యుద్ధం ముగుస్తుందని నమ్మేవాళ్లు ఇంత ఖర్చు పెడతారా అని అడిగారు.

ఆ మాట నా మనసుకు ఎక్కడం లేదు. యుద్ధం ఋతువుల్లాగా వచ్చిపోయేదే అయితే, ఏ యుద్ధానికీ ఎవరినీ బాధ్యులను చేయడానికి వీలుండదు. చనిపోయినవారి గురించి అడగడానికి ప్రశ్నే మిగలదు. అయితే మనసుకు ఎక్కకపోవడం సమాధానం కాదని నాకు తెలుసు. అందువల్ల తెలిసినవారిని అడుగుతున్నాను. యుద్ధం నిజంగా మనిషంత పాతదా? తరతరాలుగా పోరాడి, ఆ తరువాత పూర్తిగా మానుకున్న దేశాలు ఉన్నాయా? ఉంటే, వాటిని ఆపినది ఏమిటి?

మొదటి జవాబు

చాలా కాలంగా చరిత్ర బోధిస్తున్నదాన్ని కనుక మీ రెండవ ప్రశ్నతో మొదలుపెడతాను. అంతులేని యుద్ధం అనడానికి అన్నివిధాలా తగిన ఉదాహరణ కావాలంటే, రోముకూ పర్షియాకూ మధ్య సాగిన వైరాన్నే నేను ఎంచుకుంటాను. క్రీ.పూ. 53లో కార్హే దగ్గర అప్పుడు పర్షియాను ఏలుతున్న పార్థియన్ల చేతిలో రోము సేనాని క్రాసస్ సైన్యం నాశనమైనది మొదలు క్రీ.శ. 628లో చివరి సంధి కుదిరేవరకు, అంటే సుమారు 680 సంవత్సరాల కాలంలో, ఈ రెండు సామ్రాజ్యాలూ ఆర్మీనియా కోసమూ, యూఫ్రటీస్, టైగ్రిస్ నదుల ఎగువ ప్రాంతాల కోసమూ మళ్లీ మళ్లీ తలపడ్డాయి. 532లో రోము చక్రవర్తి జస్టీనియన్, పర్షియా చక్రవర్తి ఖుస్రో శాశ్వత శాంతి అనే పేరుతోనే ఒక ఒప్పందం చేసుకున్నారు. అందుకోసం రోము 11,000 పౌండ్ల బంగారం చెల్లించింది. ఎనిమిదేళ్లు నిండకముందే, 540లో, ఖుస్రో సిరియాపై దండెత్తి అంతియొకయ నగరాన్ని కొల్లగొట్టాడు.

ఇంతవరకు చదివితే మీ మిత్రుడి మాటే నెగ్గినట్టు కనిపిస్తుంది. కాని ఇదే కథలో 5వ శతాబ్దాన్ని విడిగా చూడండి. ఆ నూరేళ్లలో ఈ రెండు సామ్రాజ్యాల మధ్య జరిగినవి 421–422లో ఒకటి, 440లో ఒకటి, రెండు చిన్న యుద్ధాలు మాత్రమే. సామ్రాజ్యాలు అవే, సరిహద్దు దాదాపు అదే, మతభేదమూ అలాగే ఉంది. రెండింటికీ ఇతర సరిహద్దులలో హూణుల వంటి గండాలు ముంచుకొచ్చాయి కనుక, ఈ సరిహద్దు ప్రశాంతంగా ఉండడమే రెండింటికీ లాభమైంది. 502లో పర్షియా రాజు కవాద్ మళ్లీ యుద్ధానికి దిగినప్పుడు దానికి కారణం జాతివైరం కాదు, మధ్య ఆసియాకు చెందిన హెఫ్తలైట్లకు చెల్లించవలసిన ధనం లోటుపడడం. మూడు తరాల మనుషులు ఆ సరిహద్దుకు రెండు వైపులా పెద్ద యుద్ధమన్నది ఎరగకుండా పుట్టి, పెరిగి, వృద్ధులై వెళ్లిపోయారు. యుద్ధాల సంవత్సరాలను మాత్రమే ఏరి దండగా గుచ్చినప్పుడు ఆ మూడు తరాలవారూ కథలోంచి జారిపోతారు. సహజ శత్రువులు అన్న మాట నన్ను ఎప్పుడూ బాధించేది అందుకే.

ఇక పూర్తిగా మానుకున్నవారి సంగతి. స్వీడన్, డెన్మార్క్ దేశాలు మధ్యయుగాల చివరి నుంచి మూడు శతాబ్దాలకు పైగా పదేపదే పోరాడాయి. 1658 ఫిబ్రవరిలో, గడ్డకట్టిన సముద్రం మీదుగా సైన్యాన్ని నడిపించిన స్వీడన్ రాజు పదవ కార్ల్, రోస్కిల్డె సంధితో డెన్మార్క్ నుంచి స్కోనె ప్రాంతాన్ని పొందాడు. అదే సంవత్సరం ఆగస్టులో తాను చేసుకున్న సంధిని తానే మీరి మళ్లీ దాడి చేశాడు. నాటి మనిషి ఎవరైనా ఈ రెండింటినీ పుట్టు శత్రువులనే అనివుంటాడు. ఆ వరుసలో చివరి యుద్ధం 1814 జనవరిలో కీల్ సంధితో ముగిసింది. స్కోనె నేటికీ స్వీడన్‌లోనే ఉంది, దాన్ని తిరిగి తెచ్చుకోవాలని డెన్మార్క్ ప్రయత్నించడం లేదు. ఒకప్పుడు యుద్ధనౌకలు ఎదురెదురుగా నిలిచిన జలసంధి మీద 2000 సంవత్సరంలో రైలూ వాహనాలూ వెళ్లే వంతెన తెరిచారు.

రెండవ జవాబు

పైన రాసినవారి వివరాలతో నాకు పేచీ లేదు కాని, అందులోంచి వచ్చే ఊరట మీద నాకు సందేహముంది. స్వీడన్, డెన్మార్క్ పోరాటం మానుకున్నాయి, నిజమే. అయితే ఆ సమయానికి స్వీడన్ 1809లో ఫిన్లండ్‌ను రష్యాకు పోగొట్టుకుంది, డెన్మార్క్ 1814లో నార్వేను పోగొట్టుకుంది. బాల్టిక్ తీరంలో పెత్తనం ఇతరుల చేతికి పోయాక, వాళ్లిద్దరూ పోట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. ఫ్రాన్స్, జర్మనీలు 1870, 1914, 1939లలో మూడుసార్లు యుద్ధానికి దిగి, తరువాత 1951లో బొగ్గు, ఉక్కు పరిశ్రమలను ఉమ్మడి అధికారం కిందికి తెచ్చుకున్నాయని అందరూ చెబుతారు. ఆ రెంటి మధ్య సయోధ్య జర్మనీ పూర్తిగా ఓడి, రెండు ముక్కలై, దాని గడ్డ మీద పరాయి సైన్యాలు నిలిచిన తరువాతే సాధ్యమైందన్న సంగతి కూడా చెప్పాలి.

హాబ్స్ మాటను కూడా సరిగా అర్థం చేసుకోవాలి. యుద్ధమంటే కేవలం కత్తులు దూసిన రోజులని అతడు అనలేదు. ఒకటి రెండు జల్లులు పడినంతమాత్రాన దుర్దినమని అనం, రోజుల తరబడి కమ్ముకుని ఉండే ముసురే దుర్దినం. అలాగే పోరాటానికి సిద్ధపడి ఉండే స్థితే యుద్ధం అని అతడు పోల్చి చెప్పాడు. ఆ కొలతతో కొరియాను చూడండి. 1953 జులై 27న అక్కడ కుదిరినది యుద్ధవిరమణ ఒప్పందం మాత్రమే, శాంతి ఒప్పందం నేటికీ లేదు. నాలుగు కిలోమీటర్ల వెడల్పున ఉన్న ఆ నిస్సైనిక మండలానికి రెండు వైపులా డెబ్బై ఏళ్లుగా సైన్యాలు కాపలా కాస్తున్నాయి. ఒక దేశం తన భద్రత కోసం ఆయుధం సమకూర్చుకుంటే పొరుగు దేశానికి అది దాడికి సన్నాహంగా కనిపిస్తుంది. ఆ దేశమూ సమకూర్చుకుంటుంది. దాంతో మొదటి దేశం భయం నిజమైనట్టు రుజువవుతుంది. ఇందులో దుర్మార్గుడు ఎవరూ లేకపోయినా సరిపోతుంది. ప్రశ్న అడిగినవారి మిత్రుడు చూపిన ఆ 2.7 లక్షల కోట్ల డాలర్లలో చాలా భాగం ఈ భయం ఖరీదే.

యుద్ధం తప్పదని నేను అనడం లేదు. ఆ ముసురు దానంతటదే విడిచిపోతుందని నమ్మవద్దని మాత్రమే అంటున్నాను.

మూడవ జవాబు

యుద్ధం మనిషంత పాతదా అన్న ప్రశ్న మిగిలిపోయింది కనుక నాకు తెలిసినది రాస్తాను. సూడాన్‌లో నైలు నది దగ్గర జెబెల్ సహాబా అనే చోట సుమారు 13,000 సంవత్సరాల నాటి శ్మశానంలో 61 మంది అస్థిపంజరాలు దొరికాయి. చాలామంది ఎముకలలో రాతి మొనలు గుచ్చుకున్న గుర్తులున్నాయి. 2021లో వాటిని మళ్లీ పరీక్షించినవారు, అప్పటికే మానిపోయిన పాత గాయాలను కూడా గమనించి, అక్కడ జరిగినది ఒక్క దాడి కాదనీ, కొంతకాలం పాటు తరచుగా దాడులు జరిగివుంటాయనీ తేల్చారు. కెన్యాలోని తుర్కానా సరస్సు దగ్గర నతరుక్‌లో సుమారు 10,000 సంవత్సరాల క్రితం చంపబడినవారి అవశేషాలు కూడా బయటపడ్డాయి. ఇవి చూశాక పూర్వకాలపు మనిషి శాంతమూర్తి అని అనలేం. అయితే మన జాతి వయస్సు సుమారు మూడు లక్షల సంవత్సరాలు. గుంపులు గుంపులుగా పోరాడుకున్న స్పష్టమైన గుర్తులు ఆ కాలంలో చిట్టచివరి భాగంలోనే కనిపిస్తున్నాయి. అంతకు ముందరి ఎముకలు చాలా తక్కువగా దొరికాయి కనుక ఆ కాలం గురించి గట్టిగా ఏమీ చెప్పకూడదు. పుట్టుకతోనే పుట్టిందని చెప్పడానికి కూడా ఈ నిషేధం వర్తిస్తుంది.

జాతుల మధ్య తరతరాల పగ అన్న మాట వినిపించినప్పుడల్లా నాకు రువాండా గుర్తుకొస్తుంది. 1994లో సుమారు 100 రోజులలో లక్షల మంది టుట్సీలనూ, వారితో పాటు హత్యలను వ్యతిరేకించిన హుటూలనూ చంపినప్పుడు, ఇది అనాదిగా వస్తున్న తెగల పగ అని ప్రపంచంలో చాలామంది చేతులు దులుపుకున్నారు. ఆ రెండు సమూహాల భాష ఒకటే, మతాలూ ఒకటే. ఎవరు టుట్సీ, ఎవరు హుటూ అన్నది కార్డు మీద రాసి ప్రతి మనిషికీ అంటగట్టే పద్ధతిని 1930లలో బెల్జియం పాలకులు తెచ్చారు. 1994లో రహదారుల మీద అడ్డుకట్టల దగ్గర నిలబడ్డ హంతకులు మనుషులను ఆపి అడిగినది ఆ కార్డులనే. అనాది పగకు కార్డు చూడవలసిన అవసరం ఎందుకొచ్చిందో మీ మిత్రుడిని అడగండి.

నాలుగవ జవాబు

ఏది ఆపింది అన్న మూడవ ప్రశ్నకు, గొప్ప దేశాల కథలకన్నా, దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్, పెరూల కథే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. ఈ రెండూ 1941లో యుద్ధం చేశాయి, 1942 జనవరిలో రియో డి జనీరోలో ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఒప్పందంలో సరిహద్దు ఒకచోట రెండు నదుల మధ్య నీటివాలును విడదీసే మిట్ట మీదుగా పోవాలని రాశారు. కొన్నేళ్ల తరువాత విమానాల నుంచి ఫొటోలు తీసి పటం గీసినప్పుడు, ఆ రెండు నదుల మధ్య అంతవరకు అనుకున్నదానికన్నా చాలా పొడవైన సెనెపా అనే మరో నది ఉన్నట్టు తెలిసింది. రాసుకున్న మిట్ట నేల మీద అలా లేదు. దానితో సుమారు 78 కిలోమీటర్ల సరిహద్దుకు గుర్తురాళ్లు పడలేదు. ఆ కొద్దిపాటి అడవి కొండల కోసం 1981లోనూ 1995లోనూ మళ్లీ సైనికులు చనిపోయారు.

1998లో ఆ వైరం ముగిసిన పద్ధతిని శ్రద్ధగా గమనించాలి. 1942 ఒప్పందానికి హామీదారులుగా ఉన్న అర్జెంటీనా, బ్రెజిల్, చిలీ, అమెరికా దేశాలు ఇచ్చే తీర్పు ఏదైనా కట్టుబడతామని, ఆ తీర్పు ఏమిటో తెలియకముందే, రెండు దేశాల పార్లమెంట్లూ ఆమోదించాయి. ముందుగా తెలిసివుంటే ఓడినట్టు కనిపించే పక్షం ఒప్పుకునేది కాదు. సరిహద్దు చాలావరకు పెరూ అడిగిన విధంగా నిర్ణయమైంది. ఈక్వెడార్‌కు అమెజాన్ నదిలో నౌకాయాన హక్కులు దక్కాయి. కొండలకు రెండు వైపులా రక్షిత వనాలు ఏర్పరచాలని నిర్ణయించారు. ఈక్వెడార్ సైనికులు పోరాడి ప్రాణాలు విడిచిన తివింజా అనే చోట ఒక చదరపు కిలోమీటరు నేలను, సార్వభౌమాధికారం పెరూదే అయినా, ఆస్తిగా ఈక్వెడార్‌కు ఇచ్చారు. భూమి ఒకరిది, చనిపోయినవారి స్మృతి మరొకరిది అని విడదీసి చూడగలిగిన ఆ ఆలోచన ఎవరికి వచ్చిందో గాని, నేను చదివిన సంధులలో అంత మానవత్వమున్న నిబంధన మరొకటి కనపడలేదు.

కౌటిల్యుడి పేరు వచ్చింది కనుక ఒక మాట చేర్చాలి. పొరుగు రాజు శత్రువన్న ఆయనే, సంధి వల్లా విగ్రహం, అంటే యుద్ధం, వల్లా కలిగే లాభం సమానమైతే సంధినే ఎంచుకోవాలనీ, విగ్రహంలో క్షయం, వ్యయం, ప్రవాసం, ప్రత్యవాయం (కీడు) ఉంటాయనీ అన్నాడు. రాజు అవలంబించవలసిన ఆరు గుణాలలో మొదట చెప్పినది సంధినే. ఆయన సిద్ధాంతంలో శత్రుత్వం లెక్క వేసుకోవలసిన విషయం, విధిరాత కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రెండవ జవాబు రాసినవారి హెచ్చరికను కూడా నేను మనసులో ఉంచుకుంటాను. అయితే పటం మీద గీత గీస్తే తీరే తగాదాల గురించి ఇక్కడ స్పష్టంగా తెలిసింది. ఒకే వీధిలో కలిసి బతకవలసిన ఇద్దరి మధ్య, గీతకు వీలులేనిచోట, ఏం చేస్తారు?

నాలుగవ జవాబు రాసినవారు

ఉత్తర ఐర్లండ్‌ను చూడండి. 1960ల చివరి నుంచి ముప్పై ఏళ్లలో అక్కడ సుమారు 3,500 మంది చనిపోయారు. ఆ ప్రాంతం బ్రిటన్‌లో ఉండాలా, ఐర్లండ్‌లో కలవాలా అన్నదే తగాదా, దానికి నడిమి మార్గం లేదు. 1998 ఏప్రిల్ 10న కుదిరిన ఒప్పందం ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నం చేయలేదు. అక్కడ పుట్టినవారు తమను బ్రిటిష్ అనుకోవచ్చు, ఐరిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు. పాలన రెండు పక్షాలూ కలిసి చేయాలి. అక్కడి మెజారిటీ ప్రజలు ఓటు వేసి కోరితే తప్ప ఆ ప్రాంతం స్థితి మారదు. హత్యలు చేసిన ఖైదీలను సైతం రెండేళ్లలో విడుదల చేయడానికి ఒప్పుకోవలసి వచ్చింది. తమవారిని పోగొట్టుకున్న కుటుంబాలకు అది ఎంత కష్టమైవుంటుందో నేను ఊహించలేను. అయినా మే నెలలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో అక్కడి ఓటర్లలో 71 శాతం మంది ఆ ఒప్పందాన్ని ఆమోదించారు. ఐర్లండ్‌లో కలవాలని పోరాడిన ఐఆర్ఏ అనే సాయుధ సంస్థ ఆయుధాలను పూర్తిగా పనికిరాకుండా చేయడానికి మరో ఏడేళ్లు, 2005 దాకా, పట్టింది. ఆ మధ్యలో ఉమ్మడి ప్రభుత్వం ఒకటికి నాలుగుసార్లు నిలిచిపోయింది, తరువాత కూడా నిలిచిపోయింది. అసలు ప్రశ్న ఇప్పటికీ తేలలేదు, ఇరుపక్షాల వాళ్లూ తమ కోరికను వదులుకోలేదు.